గేటుకు తెలియని గొంతు

నమోదు 1

డాక్టరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. ఏం తిన్నానో, ఎక్కడ నొప్పి పుట్టిందో, ఏ బిళ్ళ కదిలిందో రాసి పెడితే వచ్చేసారి చూస్తుందట. మా గేటు గదిలో ఎవరూ చేత్తో రాయరు. నోటితో చెబితే గోడే రాసుకుంటుంది. ఇవాళ పొద్దున నేను "చోడి అంబలి తాగాను" అంటే, అదే రాగి జావ, గోడ "తోడి అంబలి" అని రాసింది. దిద్ది చెబితే "జోడీ అంబలి" అంది. అందుకే కలం పట్టుకున్నాను.

నా పేరు నూకరత్నం. వయసు ముప్పై ఎనిమిది. కొత్తగట్టు ఊరికి సముద్రం గేటు తీసే ఇద్దరిలో నేనొకతెను. రెండోవాడు ఎల్లాజీ చిన్నాన్న. వరసకే చిన్నాన్న గానీ నాకు పని నేర్పింది ఆయనే.

చిన్నప్పటినుంచీ నోరు మూస్తే నా కింది పళ్ళు అంగిట్లో గుచ్చుకునేవి. అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. ఈ మధ్య అంగిట్లో పడ్డ పుండు మానడం లేదు. ముందు పళ్ళు రెండూ ఊగుతున్నాయి. ఎత్తున మెట్ట మీది ఊళ్ళనుంచి పళ్ళ వైద్యానికి వచ్చే పడవలో డాక్టర్ నఫీసా అద్దం పెట్టి చూసింది.

"ఇలాగే వదిలేస్తే ఇంకొన్నేళ్ళకి ముందు పళ్ళు చేతిలోకొచ్చేస్తాయి రత్నంగారూ. క్లిప్పులు పెడదాం. రెండేళ్ళు పడుతుంది."

"ఈ వయసులోనా?"

"వయసుతో పనిలేదు. చిగుళ్ళు బాగుంటే చాలు. మీవి బాగున్నాయి."

ఒక్కొక్క పంటికి చిన్న బిళ్ళ అతికించి, వాటిలోంచి తీగ పోనిచ్చింది. నోటి వేడికి ఆ తీగ తనంతట తనే నెమ్మదిగా బిగుసుకుంటుందట. పెట్టించుకుని లేచేసరికి నోట్లో ఎవరిదో సామాను దాచుకున్నట్టుంది.

నమోదు 2

పళ్ళన్నీ సలుపు. అన్నం మెతుకు నమిలినా కణతల దాకా పోటెత్తుతోంది. అంబలి, మెత్తగా ఉడికించిన పప్పు, గుడ్డు. అంతే.

అమ్మ జంతికలు వేయించింది. కొరకొద్దని డాక్టరమ్మ చెప్పిన సంగతి చెబితే, "మరి పొడిసేసి పాలల్లో కలుపుకో" అంది. కలుపుకున్నాను. జంతికల జావ బాగోలేదు. జీళ్ళు అసలు ముట్టుకోకూడదు, బంక పట్టుకుని బిళ్ళలు ఊడొస్తాయి. ఎండు నెత్తళ్ళు కూడా వద్దంది. కొత్తగట్టులో ఎండు చేప తినని మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

తిన్న ప్రతిసారీ తోముకోవాలి. ముందు మామూలు బ్రష్షు, బిళ్ళల పైన ఒకసారి, కింద ఒకసారి. తర్వాత చీపురుపుల్లంత సన్నటి సందు బ్రష్షు తీగ కిందనుంచి పోనిచ్చి లాగాలి. ఒక్క మెతుకు ఇరుక్కున్నా చిగురు వాస్తుంది. ఇదంతా చేయడానికి నీళ్ళు కావాలి. మా ఊళ్ళో మనిషికి రోజుకో బిందె మంచినీళ్ళు, అది తాగడానికీ వంటకీ. అమ్మ తన బిందెలోంచి ఒక చెంబు తీసి నా బిందె పక్కన పెట్టింది. వద్దన్నాను.

"నాకేటి, పళ్ళే నేవు. నీకున్నాయి, కడుక్కో" అంది.

నమోదు 4

తీగ కొస ఎడమ బుగ్గలో గుచ్చుకుంటోంది. డాక్టరమ్మ ఇచ్చిన మైనం చిన్న ఉండ చేసి, పన్ను తుడుచుకుని, కొస మీద అద్దాను. నిలిచింది. భోజనం ముందు తీసి పారేయాలి, తర్వాత మళ్ళీ కొత్తది పెట్టాలి.

వీధిలో అందరూ చూస్తున్నారు. పళ్ళకి కంచె కట్టించావేం అని ఒకరు, ఈడొచ్చిన పిల్లవనుకున్నావా అని ఒకరు. మాట్లాడేటప్పుడు పై పెదవి కిందికి లాగి పళ్ళు కప్పుకుంటున్నాను. అలవాటైపోయింది.

నమోదు 5

ఇవాళ గేటు నా మాట వినలేదు.

డాక్టరమ్మకు ఇది అర్థం కావాలంటే కొంచెం చెప్పాలి. పోటు సమయంలో గట్టు అవతల సముద్రం మా ఇంటి కప్పులకన్నా ఎత్తులో ఉంటుంది. నీళ్ళు గుర్తు దాటగానే గేటు దానంతట అదే దిగిపోతుంది. తీయాలంటే మాత్రం మనిషి గొంతు కావాలి. పూర్వం తాళాలుండేవి, అవి చేతులు మారి ఒకసారి ఊరు మునిగింది. అప్పటినుంచీ గొంతే తాళం. రేడియోలో పంపిన మాట వినదు, పట్టి దాచిన మాట వినదు. ఎదురుగా నిలబడితే గాజు పలక మీద ఏవో మూడు మాటలు చూపిస్తుంది, అవి పలకాలి. ప్రతిసారీ వేరే మాటలు. మూడుసార్లు తప్పితే ఆ పోటు దిగేదాకా మరి ఎవరి మాటా వినదు.

పొద్దున పడవలు బయటికి వెళ్ళే వేళ. పలక మీద "చేమంతి, సొరకాయ, జాజి" అని వచ్చింది. పలికాను. ఎర్ర దీపం. మళ్ళీ మూడు మాటలు, మళ్ళీ ఎర్ర దీపం. కింద పడవల మీద మనుషులు తలలెత్తి చూస్తున్నారు. నా చెవులు వేడెక్కాయి. ఎల్లాజీ చిన్నాన్న నన్ను పక్కకు జరిపి తను పలికాడు. గేటు లేచింది.

"కంగారు పడకమ్మా. నీ పళ్ళు సద్దుకున్నంత వరకూ నాను తీస్తాను. నువ్వు గొలుసులకి నూనె రాసుకో" అన్నాడు.

ప్రాణం లేచొచ్చింది. నూనె రాసుకున్నాను.

నమోదు 9

పళ్ళ పడవ వచ్చి వెళ్ళింది. లావు తీగ మార్చింది. పై కోరపంటి నుంచి కింది దవడ పంటికి చిన్న రబ్బర్లు తగిలించి, తినేటప్పుడు తప్ప తీయవద్దంది. రోజూ కొత్తవి వేసుకోవాలి. ఆవలిస్తే తెగి చెంప మీద చెళ్ళున కొడుతున్నాయి.

పుండు మానుతోందట. నాకూ తెలుస్తోంది. నోరు మూస్తే అంగిట్లో ఏమీ తగలడం లేదు. పుట్టాక ఇదే మొదటిసారి.

మాట మాత్రం ఇంకా తేడాగానే ఉంది. "రోజూ పైకి చదవండి, ఎవరితోనైనా బాగా మాట్లాడండి, నాలుకకి కొత్త దారి దొరుకుతుంది" అంది డాక్టరమ్మ. సరేనన్నాను. చేయలేదు. ఇంట్లో అమ్మతో తప్ప ఎవరితోనూ మాట్లాడటం లేదు. గేటు పూర్తిగా చిన్నాన్నే చూస్తున్నాడు. రెండు వంతులూ ఆయనే చేయడంతో కళ్ళ కింద నల్లగా అయ్యాయి. అడిగితే "నిద్ర సాల్తన్నాదిలే" అంటాడు.

నమోదు 13

చిన్నాన్నకు జ్వరం. వణుకుతూనే వచ్చి గేటు తీశాడు. ఆయన్ని ఇంటికి పంపి, సాయంత్రం పడవలు తిరిగొచ్చే వేళకు నేనే నిలబడ్డాను. మూడుసార్లూ ఎర్ర దీపమే. మొదట్లో కొంచెం ఆలోచించి ఎర్ర దీపం వేసేది. ఇప్పుడు నేను నోరు తెరవగానే వేస్తోంది. గేటు చెవి మూసుకుంది. పడవలన్నీ పోటు దిగేదాకా బయట అలల్లో ఊగుతూ నిలబడ్డాయి. ఒక పడవలో చంటిపిల్ల తల్లి ఉంది. పోటు దిగాక చిన్నాన్నే మళ్ళీ లేచొచ్చి గేటు తీశాడు. ఆవిడ గేటు దాటుతూ నన్నొక మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

నమోదు 14

గట్టు సంఘం పెద్ద పార్వతీశం గారు గేటు గదికి వచ్చారు. ఆయన కోపంగా మాట్లాడే మనిషి కాదు.

"నీ గొంతు కొత్తగా నమోదు చెయ్యమని మెట్టకి కబురెట్టాను. వానలు ఎల్లాక గానీ మనిషిని పంపరట. అంతవరకూ ఒక్క ఎల్లాజీ మీద ఊరంతా ఎలాగమ్మా? పళ్ళ డాక్టరు మళ్ళీ వచ్చినప్పుడు ఆ క్లిప్పులు తీయించేసుకో. నేదంటే గేటు పని ఇంకొకరికి ఇవ్వక తప్పదు."

"మధ్యలో తీసేస్తే పళ్ళు వెనక్కెళ్ళిపోతాయండి. ఇప్పుడవి వదులుగా ఉన్నాయి."

"నానేటి సెప్పగలను? నువ్వే ఆలోచించుకో" అని కర్ర ఊతంగా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

నేను ఆలోచించాను. తీయించేసుకుందామనే అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని ఇది. పళ్ళు లేకుండా అమ్మ బతకడం లేదా?

చిన్నాన్న జ్వరం తగ్గి వచ్చాడు. సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు తన నోట్లో వేలు పెట్టుకుని చిగుళ్ళు తడుముకుంటూ కూర్చున్నాడు.

"ఓలమ్మా, ఇటు సూడు. నాకు ముందు పళ్ళు ఎన్నున్నాయి?"

"ఒక్కటి కూడా లేదు."

"మరి గేటు నా మాట ఎప్పుడూ కాదననేదేం?"

ఆయనే చెప్పాడు.

"నా పళ్ళు ఒకటొకటే ఊడిపోనాయి. రోజూ దాని ముందు నిలబడతన్నాను గదా, రోజుకింత రోజుకింత నా మాట మారతంటే అదీ అలవాటు పడిపోనాది. నాతోపాటే ముసిల్దయిపోనాది. నీ మాట ఒక్కపాలి మారిపోనాది. ఆ తరవాతైనా నువ్వు రోజూ పలికుంటే అదే నేర్సుకునేది. నాను నీకు సాయం సేత్తన్నాననుకుని నిన్ను దానికి దూరం సేసేశాను."

ఆయన తలవంచుకున్నాడు. అది ఆయన తప్పని నేననుకోను. ఆయన జరగమన్నాడు, నేను సంతోషంగా జరిగాను.

నమోదు 15

కొత్త పద్ధతి. ప్రతి వంతుకీ ముందు నేను పలకాలి. రెండుసార్లు తప్పితే చిన్నాన్న పలుకుతాడు. మిగతా సమయమంతా గొలుసు గదిలో కూర్చుని నేను పైకి చదవాలి, ఆయన వినాలి. చదవడానికి మా దగ్గరున్నది నూనె డబ్బాల మీద అక్షరాలూ, పాత పంచాంగం. పంచాంగం మొత్తం చదివాను. "శ" దగ్గర ఈల వస్తోంది. "చ" దగ్గర నాలుక తీగకి కొట్టుకుంటోంది.

ఇవాళ రెండు వంతుల్లోనూ ఎర్ర దీపమే. కానీ మొదటిసారి ఇచ్చిన ఎర్ర దీపం కొంచెం ఆలస్యంగా వెలిగింది. చిన్నాన్న కూడా గమనించాడు.

నమోదు 18

తీసింది! రెండో ప్రయత్నానికి పచ్చ దీపం. మాటలు తేలికవే, "మామిడి, గొడుగు, ముంత". అయినా తీసింది. అమ్మకి చెబితే, "అదేటి, ఎవరింటి తలుపైనా రోజూ కొడితే తీయరేటి" అంది.

నమోదు 20

నాలుగు వంతుల్లో ఒక వంతు ఒప్పుకుంటోంది. "స", "చ" ఉన్న మాటలు వస్తే లేదు. కుడివైపు రబ్బరు కొక్కెం దగ్గర నోట్లో చిన్న పుండు. ఉప్పు నీళ్ళు పుక్కిలిస్తున్నాను. ఉప్పు నీళ్ళకి మా ఊళ్ళో కరువు లేదు.

పళ్ళ పడవ రేపో ఎల్లుండో వస్తుంది. క్లిప్పులు తీయించుకోవాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. పార్వతీశం గారు ఇంకా మాట మార్చలేదు.

నమోదు 21

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను. 

గాలివాన రేపు వస్తుందన్నారు. మధ్యాహ్నానికే వచ్చేసింది. మా పడవలన్నీ పొద్దున్నే ఆపేశాం, అన్నీ లోపలే ఉన్నాయి. చిన్నాన్న ఒక్కడే గేటు పడవ వేసుకుని బయటికెళ్ళాడు, గేటు పట్టాల్లో ఇరుక్కున్న నాచు తీయడానికి. అప్పుడు రేడియోలో డాక్టరమ్మ గొంతు వినపడింది. వాన ముంచుకొచ్చేలోపు చేరిపోదామని బయలుదేరారట. గట్టుకు దగ్గరలోనే ఇంజను ఆగిపోయింది. గాలి ఆ పడవను గట్టు రాళ్ళమీదికి తోస్తోంది. పడవలో ఆవిడా, నడిపే మనిషీ.

చిన్నాన్న రేడియోలో పిలిచాడు. "రత్నం! నాను ఎనక్కొచ్చి నిన్ను పంపేసరికి అది రాళ్ళకి కొట్టుకుంటాది. నానే తాడేసి లాక్కొస్తాను. నాను తిరిగొచ్చేసరికి గేటు దిగిపోద్ది. నువ్వు తీగలవా?"

తీయగలనో లేదో నాకు తెలియదు.

"తీస్తాను చిన్నాన్నా. వెళ్ళు" అన్నాను.

ఆయన వెళ్ళిన కాసేపటికే నీళ్ళు గుర్తు దాటాయి, గేటు దిగింది. గదిలోంచి వాళ్ళు కనపడుతూనే ఉన్నారు. తాడు రెండుసార్లు జారింది. మూడోసారి పట్టుకుంది. రెండు పడవలూ ఒకదాని వెనక ఒకటి, అల లేచినప్పుడల్లా కనపడకుండా పోతూ, గేటు వైపు వస్తున్నాయి.

మామూలుగా పోటు తగ్గుముఖం పట్టాకే తీస్తాం. ఇప్పుడు గేటు ఎత్తితే మనుషులు లోపలికొస్తారు, సముద్రమూ వస్తుంది. దించడానికి మాట అక్కర్లేదు, మీట లాగితే చాలు. కానీ ఎత్తి దించేలోపు కింది వీధి మోకాలి లోతు మునుగుతుంది. కింది వీధిలో మొదటి ఇల్లు మాది. అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, గేటు తీస్తున్నాను. పక్కవాళ్ళనందర్నీ మేడ మీదికి పిలు. నువ్వూ ఎక్కు."

"ఎల్లాజీ బయటున్నాడా?"

"ఉన్నాడు. డాక్టరమ్మ కూడా."

"మరి తియ్యి. ఇల్లు కడుక్కుందుం" అని పెట్టేసింది.

రబ్బర్లు తీసి జేబులో వేసుకున్నాను. నోరు పుక్కిలించాను. పలక ముందు నిలబడ్డాను. "సముద్రం, జల్లెడ, చేట." ఒక్కొక్క అక్షరం పొందిగ్గా పలికాను. ఎర్ర దీపం. "శనగలు, ఉసిరి, చుట్ట." ఇంకా జాగ్రత్తగా పలికాను. ఎర్ర దీపం, ఈసారి వెంటనే.

ఇక ఒక్కటే మిగిలింది. రేడియో అందుకున్నాను. గాలి హోరులో గొంతు చించుకుని అరిచాను. "చిన్నాన్నా! రెండు పోయాయి! ఒక్కటే ఉంది! ఇది కూడా పోతే పోటు దిగేదాకా తీయదు! వెనక్కి తిరిగి లోతులోకి పోతారా?"

"ఇంజను తట్టుకోనేదు! ఇక్కడే ఉంటాం!" తర్వాత కొంచెం ఆగి అన్నాడు, "ఒసే, నీ మాట నాకు సుబ్బరంగా ఇనపడతన్నాది గదే! ఇంత గాలిలో కూడా! నాతో ఎలగ అరుస్తన్నావో దానితోనూ అలగే కేకెయ్యి! నోరు దాసుకోకు!"

రేడియో కింద పెట్టాను. గాజు పలకలో నా ముఖం కనపడింది. ఎదురుగా ఎవరూ లేకపోయినా పై పెదవి కిందికి లాగి పళ్ళు కప్పుకుని ఉన్నాను. ఇన్నాళ్ళూ ఇలాగే దాని ముందు నిలబడ్డానన్నమాట.

పలక మీద మాటలు వచ్చాయి. "ఇసుక, చుక్కాని, సొరచేప."

నోరంతా తెరిచి, పళ్ళూ బిళ్ళలూ తీగా అన్నీ బయటపడేలా, అవతలి పడవకి కేకేసినట్టు మూడు మాటలూ అరిచాను. ఆఖరి మాట దగ్గర తీగ కొస బుగ్గలో దిగింది. నోట్లో రక్తం రుచి తగిలింది. దీపం ఏదీ వెలగలేదు. ఎంతసేపటికీ వెలగలేదు. తర్వాత కాళ్ళ కింద నేల అదిరింది. గొలుసులు కదులుతున్నాయి. ఆ తర్వాతే పచ్చ దీపం చూశాను.

నీళ్ళు గోడలా లోపలికి పడ్డాయి. వాటితోపాటు రెండు పడవలూ వచ్చిపడ్డాయి. వెనక పడవ గేటు స్తంభానికి గుద్దుకుని ఒక పక్క చీలింది. ముగ్గురూ లోపలికి చేరారని కళ్ళారా చూసి మీట లాగాను.

నమోదు 22

కింది వీధిలో అందరూ క్షేమం. మా ఇంట్లో పొయ్యి, బియ్యం డబ్బా, అమ్మ పరుపు పోయాయి. రెండిళ్ళ అవతల వాళ్ళ మేకపిల్ల కొట్టుకుపోయింది. ఆ ఇంటావిడ వచ్చి నన్ను తిట్టింది. విన్నాను. చిన్నాన్నకు తాడు లాగి లాగి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవడం లేదు.

పడవ బాగయ్యేదాకా డాక్టరమ్మ మా మేడ మీదే ఉంటుంది. సామాను పెట్టెలు చాలావరకు నీళ్ళపాలయ్యాయి. బట్టలింకా తడిగానే ఉన్నాయి, అయినా ముందు నన్ను కూర్చోబెట్టి నోరు చూసింది. తీగ కొస కత్తిరించింది. ఊడిన బిళ్ళ ఒకటి అతికించింది. ఇంతలో పార్వతీశం గారు పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి మెట్లెక్కి వచ్చారు.

డాక్టరమ్మ ఆయన్ని అడిగింది. "ఇవి తీసేయమన్నారట కదండీ. తీయడానికి సామాను మాత్రం మిగిలింది. తీయమంటారా?"

ఆయన నా వైపు చూశారు. నేను మాట్లాడే స్థితిలో లేను, నోటి నిండా దూది ఉంది.

"అమ్మాయి నోరు, అమ్మాయి ఇష్టం. గేటు సంగతి గేటు సూసుకుంటాది" అన్నారు ఆయన.

నేను తల అడ్డంగా ఊపాను. వద్దు, తీయొద్దు.

"అయితే ఒక మాట," అంది డాక్టరమ్మ. "కొత్త తీగలన్నీ సముద్రంలో పోయాయి. మళ్ళీ వచ్చేదాకా ఇదే తీగ. రెండేళ్ళన్నది ఇంకొంచెం పెరుగుతుంది."

పెరగనీ అన్నట్టు చెయ్యి ఊపాను.

నమోదు 25

ఎండ కాసింది. వీధిలో పరుపులూ చాపలూ ఆరేశారు. చిన్నాన్నను భుజం నయమయ్యేదాకా రావొద్దన్నాను. పొద్దున పడవలు వెళ్ళే వేళకు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.

మొదటిసారి ఎర్ర దీపం. కింద పడవల్లో ఎవరూ తలెత్తలేదు, తాళ్ళు సర్దుకుంటున్నారు. రెండోసారి పచ్చ దీపం. గేటు లేచింది, పడవలు ఒకటొకటే బయటికి సాగాయి. చంటిపిల్ల తల్లి ఉన్న పడవ కిటికీ కిందనుంచి వెళ్ళింది. ఆవిడ పైకి చూసి అరిచింది.

"వొదినా! పళ్ళు ఎండకి తళతళమంటన్నాయి!"

"మెరవనీ! జాగర్తగా వెళ్ళిరా!" అని అరిచాను.

ఆవిడకి మొత్తం వినపడినట్టే ఉంది. చెయ్యి ఊపింది.